తాకేటా గెడ్డకు కొబ్బరి తాడు

మా బర్మాలో, చిమిండైంగ్ పేట నుంచి అదే ఊళ్లోని తాకేటా వెళ్లడం మామూలు రోజుల్లో పెద్ద పనేమీ కాదు. రౌండు రైలెక్కి, శనగలు నములుకుంటూ ఊరు చుట్టి, పజుండౌంగ్‌లో దిగి, బస్సులో వంతెన దాటితే అన్నయ్య ఇల్లు వచ్చేస్తుంది. సైన్యం దేశాన్ని ఎత్తి జేబులో వేసుకున్న ఆ ఏడాది మార్చిలో మాత్రం పొద్దున్నే బయల్దేరినదాన్ని మధ్యాహ్నం దాటాక చేరాను. దారంతా ఎవరినో ఒకరిని తిడుతూనే ఉన్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను గానీ, కోపం పక్కన పెట్టి రాయడం నాకు చేతకాదు.

నాకు చిమిండైంగ్ ఏటి ఒడ్డు బజారులో తాళ్లు, వలల కొట్టు ఉంది. మా తాత సోంపేట దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చి పెట్టిన కొట్టు. నా పేరు నూకాలమ్మ, బజారులో అందరూ డా నూ అంటారు, డా అంటే ఇక్కడ పెద్దావిడ అని. అన్నయ్య అప్పలస్వామి తాకేటాలో పడవలు బాగుచేస్తాడు. ఆయన ఇంటి వెనక చిన్న వాగులాంటి గెడ్డ ఒకటి ఉంది. పోటుకు పజుండౌంగ్ కాలువ నీళ్లు అందులోకి ఎక్కుతాయి, పాటుకు దిగిపోతాయి.

ఆ గెడ్డలో ఒకప్పుడు పండుగప్పలు దొరికేవి. వానలు మొదలయ్యేసరికి వేలెడేసి పిల్లలు ఏటిలోంచి లోపలికొచ్చి, నీళ్లలో పడి ఉన్న చెట్ల కింద, వేళ్ల సందుల్లో దాక్కుని పెరిగేవి. కొన్నేళ్ల కిందట ఏదో శాఖ వాళ్లు యంత్రం తెచ్చి ఆ మానులన్నీ ఊడబెరికి పట్టుకుపోయారు. "చెత్త తీసేశాం" అని చాటింపు వేసినట్టు చెప్పుకున్నారు కూడా. చెత్తతో పాటే చేప కూడా పోయింది. గెడ్డ గుండు గీసినట్టు నున్నగా తయారైంది. తర్వాత అందులో ప్లాస్టిక్ సంచులు తప్ప మరేమీ ఈదలేదు.

చూసి చూసి అన్నయ్య మానులు మళ్లీ వేయడం మొదలుపెట్టాడు. గాలివానకు కూలిన చెట్టే వేస్తాడు గానీ పచ్చని చెట్టు కొట్టడు. వేళ్లూ కొమ్మలూ అలాగే ఉండాలి, బెరడు తీయకూడదు. ఒడ్డున పాతిన గుంజలకు కొబ్బరి తాడుతోనే కట్టాలి. నైలాను పనికిరాదట, మాను కుళ్లేనాటికి తాడూ కుళ్లి మట్టిలో కలవాలట. అన్నిటికన్నా పైన ముళ్లకంప పరుస్తాడు. అది మా వైపు అలవాటు. సోంపేట చెరువుల్లో చేపపిల్లల్ని వదిలాక కంప వేస్తారు, దొంగతనంగా వల వేసినవాడికి వల చిరిగి చేతికి రావాలని. వలలు అమ్ముకునే ఆడబడుచు వలలు చింపే పనికి తాడు మోస్తోందని వదిన ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది.

రెండు నిద్రగన్నేరు మానులు దిగాక, కిందటి వానల్లో పండుగప్ప పిల్లలు తిరిగొచ్చాయి. ఆ వార్త చెప్పడానికి అన్నయ్య పని మానుకుని మా కొట్టుకొచ్చాడు. ఈ ఏడు ఇంకో మూడు మానులు దించాలి. తబాంగ్ పౌర్ణమికి, అంటే మన ఫాల్గుణ పౌర్ణమికి, పాటు బాగా తీసి గెడ్డ అడుగు బయటపడుతుంది. ఆ రెండు మూడు రోజులూ తప్పితే వానల్లోపు ఆ పని కాదు, మానులు లేకపోతే వచ్చే పిల్లలకు నీడ ఉండదు. పౌర్ణమిలోగా తాడు చేర్చడం ప్రతి ఏడూ నా వంతు.

ఈసారి అన్నయ్యతో మాట్లాడే దారే లేకపోయింది. సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్ కోసేశారు. మామూలు ఫోను మోగితే మోగేది, లేకపోతే లేదు. విమానాలు లేవు, బ్యాంకులు మూత, పక్క పేటలో ఎవరు బతికున్నారో నోటి మాటగా తెలియాల్సిందే. చెప్పకుండానే తాడు చుట్ట చంకనెత్తుకుని బయల్దేరాను.

ఏడు గంటలకు స్టేషన్‌కు వెళితే ప్లాట్‌ఫారం మీద కుక్కలు పడుకున్నాయి. రైలువాళ్లు సమ్మెలో ఉన్నారు. వాళ్ల మీద మాత్రం నాకు కోపం రాలేదు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ఇంట్లో కూర్చున్నారు, క్వార్టర్లలోంచి గెంటేసినా కూర్చున్నారు. సైకిల్ రిక్షా మాట్లాడుకుని బస్‌స్టాపుకు వెళ్లాను. బస్సు కోసం గంటకు పైగా ఎండలో నిలబడ్డాను. వెళ్లేవాళ్లు చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, డ్రైవరు పక్క డబ్బాలో వేయాలి, తిరిగి ఇచ్చేవాళ్లెవరూ ఉండరు.

బస్సులో పట్టుమని పదిమంది లేరు. నా పక్కన కూర్చున్న గంజాం పెద్దాయన నా బొట్టు చూసి తెలుగులో పలకరించాడు.

"ఏటమ్మా అంత తాడు? ఎవులికైనా ఉరెయ్యడానికా?"

"దొరికితే ఏసీదాన్నే బాబూ."

ఆయన కిసుక్కున నవ్వి, వెంటనే డ్రైవరు వైపు చూసి నోరు మూసుకున్నాడు. నవ్వడానికి కూడా వెనక్కి తిరిగి చూసుకోవలసి రావడం నాకు అన్నిటికన్నా ఒళ్లు మండించిన సంగతి.

చౌక్తడాలో బస్సు మారాలి. పాత కోర్టు భవనాల ముందు ముళ్లతీగ చుట్టలు, ఇసుక బస్తాల వెనక తుపాకులు. ఎప్పుడూ గుమాస్తాలతో కిటకిటలాడే టీ దుకాణాల్లో ఒక్కటే సగం తలుపు తీసి ఉంది. నాన్ రొట్టె, ఉడికించిన బటానీలు తిన్నాను. టీలో పాలు తక్కువైనా, ఆ రోజు నాకు దొరికిన మంచి సరుకు అదొక్కటే. బయటికి రాగానే ఒక సైనికుడు ఆపాడు. మా చిన్న మేనల్లుడి ఈడు ఉంటాడు. తాడు చుట్టను బూటుతో తన్ని, ఎందుకని బర్మా భాషలో అడిగాడు. రోడ్లకు అడ్డం కట్టడానికా అన్నాడు.

నాకు అబద్ధం ఆడే ఓపిక లేదు. "చేపలకు ఇల్లు కట్టడానికి" అన్నాను.

వాడు పక్కవాణ్ని పిలిచి మళ్లీ చెప్పించాడు. చెప్పాను. మానులూ, కంపా, కొబ్బరి పీచూ అన్నీ చెప్పాను. ఇద్దరూ పగలబడి నవ్వి, ముసల్దానికి మతి పోయింది, పోనీ అన్నారు. పిచ్చిదానిగా కనబడితే దారి దొరికే రోజులు వచ్చాయి. వాడి బూటు మచ్చ తాడు మీద అలాగే ఉండిపోయింది. నోటికొచ్చిన తిట్లన్నీ మింగి రెండో బస్సెక్కాను.

ఆ బస్సు వంతెన అవతల మొదటి స్టాపు దాటి వెళ్లదన్నారు. దిగి, నెత్తిన తాడుతో నడిచాను. అన్నయ్య వీధి మొదట్లో, ఇంటికీ ఇంటికీ మధ్య కట్టిన తీగ మీద ఆడవాళ్ల లుంగీలు వేలాడుతున్నాయి. వాటి కింద నుంచి నడిస్తే మగతనం పోతుందని సైనికులకు భయం. అది చూసి వచ్చిన నవ్వు రెండడుగుల్లో ఆరిపోయింది. లుంగీల వెనక రోడ్డుకు అడ్డంగా ఇసుక బస్తాలూ, రేగుకంప చుట్టిన వెదురు దడులూ, వాటి ముందు అయిదు మానులూ ఉన్నాయి. మూడు ఎండువి. రెండు నల్లగా, బురద కారుతూ ఉన్నాయి. వాటి మీద తెగిన కొబ్బరి తాడు ముక్కకు ఒక ముడి అలాగే ఉంది. అది నా ముడి. మా నాన్న నేర్పిన ముడి, ఆ చుట్టుపక్కల ఇంకెవరూ వేయరు.

అన్నయ్య గుమ్మంలోనే కనబడ్డాడు. తాడు కింద పడేసి అడిగాను.

"ఎవులు తీసినారు అన్నియ్యా, గెడ్డలోంచి?"

"నానే తీయించినాను."

"మతుండే తీసినావా? రెండేళ్లు కాపలా కాసి, నీ సేత్తో నువ్వే పెరికేసినావా? ఆ శాఖోడికీ నీకూ తేడా ఏటున్నాది?"

"అరవకే నూకాలూ. కాల్పులవతన్నాయి. కుర్ర గుంటలు అట్టముక్కలు అడ్డం పెట్టుకుని నిలబడతన్నారు. ఆల ముందు ఏటెట్టమంటావు, నా తలకాయా? ఎండు మానుకి తూటా దిగిపోతాది. నీళ్లు తాగిన మానైతే పట్టుకుంటాది."

"మరి సేపలో?"

ఆ సంగతి వదిన పారమ్మ చెప్పింది. మాను పైకి లాగుతుంటే వేళ్ల సందులో జానెడు పండుగప్పలు రెండు ఇరుక్కుని చచ్చిపోయాయట. మిగిలినవాటిని అన్నయ్య బకెట్టుతో మళ్లీ నీళ్లలో వదిలాడట. ఆ రెంటినీ మాత్రం కూర వండనివ్వలేదట.

"పాతిపెట్టేసినాడే అప్పా, మనుషుల్ని పాతినట్టు" అంది వదిన.

అయినా నా కోపం తగ్గలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి అన్నయ్య ఇంట్లో అలిగి అన్నం తినకుండా కూర్చున్నాను. ఎనిమిదింటికి వీధంతా గిన్నెలు మోగించడం మొదలైంది. దయ్యాలను తరమడానికి ఇక్కడివాళ్లు అలా మోగిస్తారు, ఇప్పుడు సైన్యాన్ని తరమడానికి. వదిన నా చేతికి గరిటె, సత్తు మూత ఇచ్చింది. ఆ మూత సొట్టలు పడేదాకా కొట్టాను. తర్వాత ఆకలేసి అన్నం తిన్నాను.

మర్నాడు పౌర్ణమి. తొమ్మిదింటికి లారీలు వచ్చాయి. కుర్రాళ్లు సందుల్లోంచి పారిపోయారు. సైనికులు తలుపులు బాదుతూ ఇంట్లో మిగిలిన ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ బయటికి లాగారు. కట్టినవాళ్లు మీరే కనక తీసేవాళ్లూ మీరేనన్నారు. పక్కింటి డా టిన్ కొడుకు కూడా పారిపోయినవాళ్లలో ఉన్నాడు. ఆవిడ బస్తాలు మోస్తూ, కాల్పులు వినబడ్డ దిక్కుకే చూస్తోంది. బస్తా ఎత్తడం ఆలస్యమైందని వదినను తోశారు. అదేమని అడిగినందుకు అన్నయ్య భుజం మీద తుపాకీ మడమతో కొట్టారు. అరవై దాటిన మనిషిని! నేను ఇంకో బస్తా ఎత్తాను.

వాళ్ల అధికారి మానుల మీద పెట్రోలు పోయించాడు. ఎండు మానులు మూడూ భగ్గున అంటుకున్నాయి. ఆ ఏడు గెడ్డలోకి దిగవలసినవి, అన్నయ్య ఊరంతా తిరిగి అడుక్కుని తెచ్చినవి, నా కళ్ల ముందు కాలిపోయాయి. గెడ్డలోంచి తీసిన రెండు మాత్రం అంటుకోలేదు. బెరడు చిటపటలాడింది, ఆవిరి పోసింది, పొగ వచ్చింది, ఆరిపోయింది. ఇంకో డబ్బా పోశారు. మళ్లీ ఆరిపోయింది. పొగంతా అధికారి ముఖానికే కొట్టింది. దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, మానును బూటుతో తన్ని, కాలు నొప్పెట్టి ఇంకా రెచ్చిపోయి అరిచాడు.

"ఈ చెత్తనంతా ఆ గెడ్డలోకి తోసెయ్యండి!"

అన్నయ్య తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను. అన్నయ్య ముఖం చూస్తే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో నాకే తెలియలేదు.

తాళ్లు బిగించి లాగాం. ఎక్కడలేని బలం వచ్చింది ఆడవాళ్లకు. వెదురు దుంగల మీద దొర్లిస్తూ, మానులను గెడ్డ గట్టు దాకా చేర్చి లోపలికి తోశాం. మానులు బురదలో దిగబడేదాకా సైనికులు చూసి, తరవాతి వీధికి పోయారు. అప్పటికి పాటు పూర్తిగా తీసింది. మునుపటి గుంజలు బురదలో అలాగే నిలబడి ఉన్నాయి.

"పోటొచ్చీలోగా కట్టీయాలి" అన్నాడు అన్నయ్య, భుజం పట్టుకుని. "పౌర్ణమి పోటు. నీళ్లు తాగిన మానునైనా ఎత్తుకుపోతాది. ఏట్లో పడితే మరి దొరకదు."

ఇక్కడ ఒక సంగతి. కొబ్బరి తాడును పొడిగా ఉండగానే ముడి వేయాలి. తర్వాత తడిస్తే ముడి బిగుసుకుని రాయవుతుంది. తడి తాడుతో వేస్తే మాత్రం లాగుడుకు సడలిపోతుంది. నడుము లోతు బురదలో, తాడు చుట్ట నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో గుంజ పట్టుకుని దిగాను. అన్నయ్య కుడిచెయ్యి లేవడం లేదు. ఆయన ఏ వేరు కింద నుంచి తీయాలో చెబుతుంటే ముడులన్నీ నేనే వేశాను. వేళ్ల వైపు నీళ్లు వచ్చే దిక్కుకు తిప్పాలన్నాడు. తిప్పడానికి మనుషులు చాలలేదు. అప్పుడు డా టిన్ లుంగీ పైకి దోపుకుని బురదలోకి దిగింది. ఆవిడకు మా చేపల గొడవ ఎప్పుడూ పట్టలేదు. మేం పిచ్చివాళ్లమని నవ్వేది. ఆ రోజు మాను కింద భుజం పెట్టి నెట్టింది. ఆవిడ వెనకే ఇంకో నలుగురు దిగారు.

"ఈ తాడు ఆగుతుందా?" అని అడిగింది డా టిన్.

"ఆగుతుంది" అన్నాను.

"నిజం చెప్పు."

"తెలీదు. నా చేతనైనంత గట్టిగా కట్టాను."

ఆవిడ తల ఊపి, చివరి ముడి మీద తన చెయ్యి కూడా వేసి లాగింది. కంప కోసం వదినా వాళ్లూ విరిగిన దడుల్లోంచి రేగుముళ్లు ఏరి తెచ్చారు. అది పరిచేసరికి నీళ్లు మోకాళ్ల దగ్గరికొచ్చాయి. చేతులంతా గీరుకుపోయాయి. ఒడ్డెక్కి చూస్తుండగానే మానులు మునిగిపోయాయి. అన్నయ్య ఏడ్చాడు. భుజం నొప్పికి అన్నాడు. నేను నమ్మినట్టే ఉన్నాను.

సాయంత్రం పోటు చీకటి పడకముందే వచ్చింది. ఎనిమిది తర్వాత గడప దాటితే కాల్చేస్తారు కనక ఎవరం వెళ్లి చూడలేకపోయాం. తెల్లవారుజామున రెండో పోటు. పొద్దున్నే వెళ్దామంటే గట్టు మీద సైనికులు కాపలా కూర్చున్నారు. అటు వెళ్లిన ఒకాయనను వెనక్కి తరిమారు. మానులు ఉన్నాయో, కొట్టుకుపోయాయో తెలియకుండానే నేను బయల్దేరవలసి వచ్చింది. కొట్టు రోజుల తరబడి మూసి ఉంటే సమ్మెలో ఉన్నానని తాళం బద్దలు కొడతారు.

వదిన దారికి చింతపండు పులిహోర మూట కట్టింది. అన్నయ్య వీధి చివరి దాకా వచ్చాడు.

"నిలబడకపోతే ఒచ్చే ఏడు మళ్లా ఏద్దాం" అన్నాడు.

"ఒచ్చే ఏడు ఏటి? ఒచ్చే ఏడు దాకా ఎవులుంటాం?" అని అరిచాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. వెళ్లేముందు ఆడబడుచు అనవలసిన మాటేనా అది! అన్నయ్య మాత్రం తప్పు పట్టలేదు. మంచి చెయ్యి నా తల మీద పెట్టి, ఎల్లిరా అన్నాడు.

బస్సు మధ్యాహ్నానికి దొరికింది. గెడ్డ మూతి వంతెన మీద నుంచి కనబడుతుందని నాకు తెలుసు, కనక ఊరివైపు వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ పట్టుకుని కూర్చున్నాను. బస్సు వంతెన మీదికెక్కి సగం కూడా వెళ్లకముందే ఆపేశారు. అందరినీ దించారు. చేతులు నెత్తిన పెట్టించి, రెయిలింగు వైపు ముఖాలు తిప్పి నిలబెట్టారు. వెనక సంచులు కుమ్మరిస్తున్నారు. నా పులిహోర మూట విప్పి, అందులో కూడా తుపాకీ మొన గుచ్చారు. ముసలమ్మ పులిహోరలో బాంబులుంటాయా? పళ్లు కొరుక్కుంటూ ఎదురుగా చూశాను.

చేతులు నెత్తినుంటే కళ్లకు వేరే పనేముంది. పాటు తీస్తోంది. బురద బయటపడుతోంది. గెడ్డ మూతికి కాస్త లోపలగా రెండు నల్లటి మానులు, పక్కపక్కన, వేళ్లు నీళ్లకు ఎదురుగా, నేను ఏ గుంజలకు కట్టానో ఆ గుంజల దగ్గరే ఉన్నాయి. దిగే నీళ్లు వాటి చుట్టూ సుడులు తిరుగుతున్నాయి. కంప కూడా చెదరలేదు. ఒక కొంగ వచ్చి కాలిన చివర మీద వాలి, మాను కిందికి తొంగి చూస్తోంది. ఊరికే చూడదు కొంగ.

నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చి ఉంటుంది. ఒక సైనికుడు దగ్గరకొచ్చి, ఏం చూస్తున్నావని గద్దించాడు.

"చెత్త" అన్నాను.

వాడు వంగి అటు చూశాడు. బురద, కాలిన మొద్దులు, ముళ్లు. నిజమే అన్నట్టు ముఖం పెట్టి, పో పో, బస్సెక్కు అన్నాడు.

చౌక్తడా, మళ్లీ బస్సు, మళ్లీ తుపాకులు, చీకటి పడేలోపు చిమిండైంగ్. కొట్టు తాళం భద్రంగానే ఉంది. ఆ ప్రయాణం తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అన్నయ్య భుజం మీద పడ్డ దెబ్బ, మూడు మానుల మంట, కొడుకు కబురు తెలియని డా టిన్. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. మీరెవరైనా ఆ దారిన వెళితే, తాకేటా నుంచి ఊరివైపు వచ్చేటప్పుడు ఎడమ కిటికీ దగ్గర కూర్చోండి. పాటు వేళైతే మానులు కనబడతాయి. చూడండి, ఎవరైనా అడిగితే చెత్త అని చెప్పండి. వల మాత్రం వేయకండి, చిరుగుతుంది.